వీపున కట్టే జోలె

వాడు పుట్టిన పూటే తల్లి పోయింది. అప్పటికి అక్కకు పదకొండేళ్లు. తండ్రికి మూడు వీధులు కలిసేచోట గుడారాలు కుట్టే దుకాణం ఉండేది. కింద దుకాణం, పైన రెండు గదుల ఇల్లు. లారీల మీద కప్పే పట్టాలు, సర్కసు వాళ్ల డేరాలు, పడవల తెరచాపలు, ఇలా మందపాటి గుడ్డ ఏదైనా సరే, చిరిగిందంటే ఆ గుమ్మం తొక్కాల్సిందే.

పసిగుడ్డును చూసుకోవడానికి ఇంట్లో మరో ఆడదిక్కు లేదు. పని ఆపితే పూట గడవదు. పదకొండేళ్ల పిల్ల రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు ఒక పాత తెరచాప ముక్కను కత్తిరించింది. కాళ్లు దూరడానికి రెండు చీలికలు, నడుముకు ఒక పట్టీ, భుజాల మీంచి రెండు పట్టీలు. తమ్ముణ్ణి వీపుకు కట్టుకుని, రెండు చేతులూ ఖాళీగా ఉంచుకుని, మిషను ముందు కూర్చుని తొక్కడం మొదలుపెట్టింది. మిషను చప్పుడుకి వాడు నిద్రపోయేవాడు. మిషను ఆగితే లేచి ఊరంతా వినపడేలా ఏడ్చేవాడు.

"ఏమే, నీ మూట పడుకుందా?" అని ఎదురుగా గడియారాలు బాగుచేసే ఆయన రోజూ అడిగేవాడు. ఆ పేరే నిలిచిపోయింది. వాడికి మీసాలు వచ్చాక కూడా వీధిలో వాడు మూటే.

మూట ఎదిగాడు. చదువులో అంతంతమాత్రం. తండ్రి బలవంతంగా దబ్బనం చేతికిచ్చి కుట్టు నేర్పించాడు. గుడారం కుట్టంటే ప్రతి కుట్టుకీ ముందుకు వెళ్లి, సగం వెనక్కి వచ్చి, మళ్లీ ముందుకు వెళ్లాలి. అప్పుడే అది గాలికీ వానకీ ఆగుతుంది. వాడు ఆ సంగతి అర్థం చేసుకున్నాడు గానీ చెయ్యి మాత్రం తిన్నగా పోయేది కాదు.

"కోడి కెలికినట్టుంది," అనేవాడు తండ్రి. "నీ కుట్టు చూస్తే గుడ్డకే సిగ్గేస్తుందిరా."

వాడికి వచ్చిన విద్య వేరే ఉంది. పన్నెండేళ్లప్పుడు బడి వాళ్లు పిల్లల్ని కొండల దగ్గరికి తీసుకెళ్లారు. అక్కడ ఒక లావుపాటి పిల్లాడికి కాలు బెణికింది. మాస్టారు బండి కోసం కిందికి వెళ్లారు. ఆయన బండి తీసుకుని ఎక్కుతుంటే, మూట ఆ పిల్లాణ్ణి వీపున వేసుకుని, చెమటలు కక్కుతూ ఎదురొచ్చాడు. చెప్పినచోట ఉండనందుకు ఇద్దరికీ చీవాట్లు పడ్డాయి.

"వాణ్ణి అక్కడే కూర్చోబెట్టొచ్చు కదరా. బండి వస్తోందిగా," అంది అక్క, వాడి వీపుకి నూనె రాస్తూ.

"భయమేస్తోందన్నాడక్కా."

"వాడికి భయమేస్తే నువ్వు కూర్చుని కబుర్లు చెప్పు. మొయ్యడమెందుకు? నడుం విరిగితే?"

"విరగలేదుగా," అన్నాడు. వాడి దగ్గర ఎప్పుడూ అదే సమాధానం.

అక్కకు పెళ్లి మాటలు రెండుసార్లు వచ్చాయి. రెండుసార్లూ "వీడు కాస్త చేతికి అందిరానీ" అంది. వాడు చేతికి అందివచ్చేసరికి ఆవిడకు ముప్పై దాటింది. దానికి ఆవిడ ఎప్పుడూ కుమిలిపోలేదు. పని నచ్చింది, చెయ్యి కుదిరింది. పడవల వాళ్లు తండ్రిని పక్కకు జరిపి "మీ అమ్మాయి చేత కుట్టించండి" అనే స్థాయికి వచ్చింది.

సైన్యంలో చేరతానని వాడు అన్నరోజు ఇంట్లో తిండి ముట్టినవాళ్లు లేరు. "దబ్బనమే తిన్నగా పట్టలేనివాడు తుపాకీ ఏం పట్టుకుంటాడు?" అని తండ్రి ఎగిరిపడ్డాడు. మొదటిసారి పరీక్ష తప్పాడు. తండ్రి సంతోషించాడు. అక్క మాత్రం వాడి ముఖం చూసి, తెల్లారి నుంచి మిషను పక్కనే వాణ్ణి కూర్చోబెట్టి పాఠాలు అప్పజెప్పించుకుంది. రెండోసారి నెగ్గాడు. ఆఫీసరు శిక్షణకి బయల్దేరేటప్పుడు తండ్రి దుకాణంలోంచి బయటికి రాలేదు. రైలు కదిలాక చూసుకుంటే మూట సంచీలో ఒక మంచి దబ్బనం, మైనం పూసిన దారపు ఉండ ఉన్నాయి. అవి అక్క పెట్టినవి కావు.

మూడేళ్లకు కెప్టెన్ అయ్యాడు. నాలుగో ఏట మొదటి పతకం వచ్చింది. సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు దాన్ని తీసి, సూదులు ఉంచే సొరుగులో పడేశాడు.

"అదేంట్రా, గోడకి పెట్టుకోవాల్సిందాన్ని! ఏం చేస్తే ఇచ్చారు?" అంది అక్క.

"మోశానక్కా. నాకొచ్చింది అదొక్కటేగా."

తర్వాత, ఇద్దరూ ఒక పెద్ద పట్టాను చెరో కొసా పట్టుకుని మడతపెడుతున్నప్పుడు, వాడే చెప్పాడు. కాల్పుల్లో ముగ్గురు దెబ్బతిన్నారు. స్ట్రెచరుకు నలుగురు కావాలి, ఆ దారిలో ఒకడు నడవడమే గగనం. ఒకణ్ణి భుజాన వేసుకుని దింపాడు. తిరిగి వెళ్లి రెండోవాణ్ణి దింపాడు. చేతులు రెండూ మనిషిని పట్టుకోవడానికే సరిపోతాయి కాబట్టి రాయి పట్టుకోవడానికి లేదు, తాడు పట్టుకోవడానికి లేదు. అడుగడుక్కీ ఆగాల్సి వచ్చింది. మూడోసారి పైకి వెళ్లేసరికి మూడోవాడు లేడు.

"ఇద్దర్ని దించినందుకు పతకం ఇచ్చారు. మూడోవాడి మాట ఎవరూ అడగలేదు." పట్టా కొస వదిలేసి అక్క ముందుకు వచ్చాడు. "అక్కా, చిన్నప్పుడు నన్ను వీపుకి కట్టుకుని మిషను తొక్కేదానివి చూడు. అదెలా కట్టేదానివి?"

"అది పసిపిల్లల జోలెరా. నువ్వప్పుడు జానెడు ఉండేవాడివి."

"మనిషంత ఉంటే?"

అక్క సుద్దముక్క తీసుకుని బల్ల మీద గీయడం మొదలుపెట్టింది.

సెలవంతా అదే పని. మొదటి జోలె వేసుకుని వంగగానే భుజాలు లాగేశాయి. రెండోది తొడల దగ్గర కోసింది. బరువు భుజాల మీద కాకుండా నడుం చుట్టూ పడాలని అక్కకు మూడోదానికి తట్టింది. వెడల్పాటి పట్టీ, లోపల కంబళి ముక్క, రెండు వైపులా ఇత్తడి బకిళ్లు. ఇక దాన్లో ఎవరినైనా కూర్చోబెట్టి చూడాలి.

"నన్ను చూస్తారేం?" అన్నాడు తండ్రి. అప్పటిదాకా ఆయన ఈ వ్యవహారంలో తలదూర్చలేదు. మూలనుంచి వంకలు పెట్టడం తప్ప.

"నువ్వే సరైన బరువు నాన్నా. పైగా కదలకుండా ఉండవు. దెబ్బ తగిలినవాడూ కదులుతాడు," అన్నాడు మూట.

తిట్టుకుంటూనే ఎక్కాడు. కొడుకు తండ్రిని వీపున కట్టుకుని, రెండు చేతులూ ఊపుకుంటూ వీధిలోకి నడిచాడు. గడియారాల ఆయన భూతద్దం కంటికి పెట్టుకునే బయటికి పరుగెత్తుకొచ్చాడు. "ఏమయ్యోయ్, చిన్నప్పుడు మూట వీపెక్కింది, ఇప్పుడు నువ్వు మూటెక్కావా?" అని అరిచాడు. వీధివీధంతా గుమ్మాల్లోకి వచ్చి నవ్వింది. గోదాము మెట్లు ముప్పై ఆరు. మూట రెండు చేతులతో పక్క కమ్మీలు పట్టుకుని పైదాకా ఎక్కి, దిగాడు. కిందికి వచ్చేసరికి తండ్రి మొహంలో కోపం లేదు.

"కుడి తొడ దగ్గర కాస్త లూజు చెయ్యవే," అన్నాడు కూతురితో. "మిగతాదంతా బాగానే ఉంది."

మూట ఆ జోలెను తీసుకుని వెళ్లిపోయాడు. చలికాలం మొదలయ్యాక ఉత్తరం వచ్చింది.

"అక్కా, మేమిప్పుడు బాగా ఎత్తులో ఉన్నాం. జోలె భేషుగ్గా పనిచేస్తోంది. జ్వరం వచ్చినవాళ్లు, మంచుకి కాళ్లు నల్లబడి చచ్చుబడ్డవాళ్లు, అందరూ దాన్లోనే దిగుతున్నారు. మావాళ్లు దానికి 'అక్క' అని పేరు పెట్టారు. 'అక్కని తీసుకురండి' అంటే జోలె తెస్తారు. ఒక్కటే ఇబ్బంది. ఎడమ బకిలు దగ్గర కుట్టు చలికి కొద్దిగా వదులవుతోంది. ఇంకోటి కుట్టి పంపగలవా? తొందరేం లేదు. నాన్నకి చెప్పు, మా సార్జంటు ఆయనకన్నా బరువు."

తొందరేం లేదన్నాడు కదా అని, అక్క చేతిలో ఉన్న సర్కసు డేరా పని ముగించింది. దానికి తొమ్మిది రోజులు పట్టింది. తర్వాత కూర్చుని రెండో జోలె కుట్టింది. ఎడమ బకిలుకి రెండు వరసలు. దాన్ని కాగితంలో చుట్టి, పురికొస కట్టి, చిరునామా రాసి బల్ల మీద పెట్టింది. పోస్టాఫీసుకు వెళ్లడానికి చెప్పులు వేసుకుంటుండగా, దుకాణం ముందు జీపు ఆగింది. యూనిఫారాల్లో ఉన్న ఇద్దరు దిగి, టోపీలు తీసి చేతిలో పట్టుకున్నారు.

ఆ తర్వాత వాళ్లు చెప్పిన మాటలు అక్క చెవిన పడ్డాయి గానీ తలకెక్కలేదు. కొండమీది శిబిరం మీద దాడి జరిగింది. కెప్టెన్ గాయపడ్డవాళ్లను దించాడు. చివరిదాకా నిలబడ్డాడు. ఆవిడ చూపు మాత్రం బల్ల మీది కట్ట మీదే ఉంది.

ఆ ఏడాది ఎలా గడిచిందో ఆ ఇంటికే తెలియాలి. తండ్రి పై గదిలోంచి దిగడం మానేశాడు. సైన్యం అతి పెద్ద పతకాన్ని ప్రకటించింది. ఒక పెద్ద హాల్లో, బూట్ల చప్పుళ్ల మధ్య, అక్క వెళ్లి అందుకుంది. మైకులో ఎవరో వాడి ధైర్యం గురించి చదువుతుంటే జనం లేచి నిలబడ్డారు. ఆవిడకు ఒక్కో మాటా దబ్బనంలా దిగుతోంది. ఎడమ బకిలు ఊడిందేమో. మనిషిని మోస్తుండగా ఊడిందేమో. దానికోసం వాడు ఆగాడేమో, ఆగినందుకే పోయాడేమో. తొమ్మిది రోజులు. ఈ మాట ఆవిడ ఎవరికీ చెప్పుకోలేదు. వాడి సామాను ఇంటికి వచ్చినప్పుడు ఒక్కొక్కటే తీసి వెతికింది. బట్టలున్నాయి, పుస్తకాలున్నాయి, తండ్రి ఇచ్చిన దబ్బనం ఉంది. జోలె లేదు.

అప్పట్నుంచి ఆవిడ మందగుడ్డ ముట్టలేదు. సంచులూ కర్టెన్లూ కుట్టి కాలక్షేపం చేసింది.

వేసవి మొదట్లో ఒక మధ్యాహ్నం దుకాణంలోకి తలుపు నిండేంత మనిషి వచ్చాడు. చేతిలో కిట్ బ్యాగు. గుమ్మం తలకి కొట్టుకుని, తనే గుమ్మానికి క్షమాపణ చెప్పాడు.

"అక్కగారంటే మీరేనామ్మా? నేను మీ తమ్ముడి దగ్గర సార్జంటుగా పనిచేశాను."

ఆవిడ స్టూలు జరిపింది. నీళ్లు తెచ్చింది. ఆయన తాగి, గ్లాసును చాలాసేపు రెండు చేతుల్లో పట్టుకుని కూర్చున్నాడు.

"రావాలని ఎన్నోసార్లు బయల్దేరానమ్మా. స్టేషను దాకా వచ్చి వెనక్కి పోయాను. మీ ముఖం ఎలా చూడాలో తెలియక."

"చెప్పండి. అంతా చెప్పండి. నాకు కాగితాల్లో చదివింది వద్దు," అంది అక్క.

ఆయన చెప్పాడు. శిబిరంలో పదిమంది ఉన్నారు. దాడి తెల్లారగానే మొదలైంది. ముగ్గురు దెబ్బతిన్నారు. కెప్టెన్ జోలె వేసుకుని ఒకణ్ణి దింపాడు, కింద రాళ్ల చాటున పడుకోబెట్టి తిరిగొచ్చాడు. రెండోవాణ్ణి దింపాడు, తిరిగొచ్చాడు. మూడోవాడు వైర్‌లెస్ ఆపరేటరు. అప్పటికి శత్రువు దగ్గరికొచ్చేశాడు. ఎవరో ఒకరు ఆగి ఆపాలి.

"జోలె విప్పి నా నడుముకి కట్టారమ్మా. 'సార్, నేనుంటా, మీరు దిగండి' అన్నాను. 'నీ కాళ్లు నాకన్నా పొడుగు, నువ్వే తొందరగా దిగుతావు' అన్నారు. పట్టీలన్నీ లాగి చూశారు. ఆపరేటరు ఏడుస్తున్నాడు. వాడి బుగ్గ మీద తట్టి, 'భయపడకు, అక్క వీపు మీద ఉన్నావు' అన్నారు. మిగతావాళ్లనీ ఒక్కొక్కర్నే పంపించేశారు. ఆఖరివాడు వచ్చేదాకా పైన తుపాకీ ఆగలేదమ్మా."

ఆయన గ్లాసును బల్ల మీద పెట్టాడు.

"తొమ్మిది మందిమి బతికాం," అన్నాడు సార్జంటు. "ఆ ఆపరేటరు ఇప్పుడు నడుస్తున్నాడు."

అక్క ముందుకు వంగింది. "ఎడమ బకిలు... దిగేటప్పుడు ఊడలేదా?"

ఆయనకి అర్థం కాలేదు. ఆవిడ చెప్పింది. ఉత్తరం, సర్కసు డేరా, తొమ్మిది రోజులు, బల్ల మీది కట్ట. ఏడాదిగా మింగినదంతా కక్కేసింది. సార్జంటు కిట్ బ్యాగు తెరిచి, జోలె తీసి బల్ల మీద పరిచాడు. మట్టిరంగు తిరిగిపోయింది. ఒకచోట నల్లటి మరక.

"ఇన్నాళ్లూ మా ఆసుపత్రిలో డాక్టరమ్మ దగ్గరుంది. ఇది చూడండమ్మా."

ఎడమ బకిలు దగ్గర, అక్క వేసిన చక్కని కుట్టు మీద, ఇంకెవరో మైనపు దారంతో మళ్లీ కుట్టారు. వంకరటింకరగా, ఒకటి పొడుగ్గా ఒకటి పొట్టిగా, ఒకదాని మీదొకటి ఎక్కి. అక్క దాన్ని వేలితో తడిమింది. ఆవిడ నోట్లోంచి ఒక వింత శబ్దం వచ్చింది. సార్జంటు కంగారుపడ్డాడు. అది ఏడుపు కాదు, నవ్వు.

"నాన్నా!" అని మెట్ల వైపు తిరిగి అరిచింది. "నాన్నా, కిందికి రా! నీ కొడుకు కుట్టు చూద్దువుగాని రా!"

ఏడాదిగా దిగని మనిషి గోడ పట్టుకుని దిగాడు. కళ్లద్దాలు పెట్టుకున్నాడు. జోలెను వెలుతురుకి తిప్పి, ముక్కు ఆనించేంత దగ్గరగా చూశాడు.

"ఆరు కుట్లు పడాల్సిన చోట పంతొమ్మిది వేశాడు," అన్నాడు చివరికి. "ఒక్కటీ తిన్నగా లేదు."

"చలిలో, చేతులు కొంకర్లు పోతుంటే వేశారండి," అన్నాడు సార్జంటు, తన కెప్టెన్ పక్షాన.

"ఎండలో వేసినా ఇంతే వేసేవాడు." ముసలాయన బకిలు ఒక చేత్తో, పట్టీ ఒక చేత్తో పట్టుకుని, పళ్లు బిగించి లాగాడు. మళ్లీ లాగాడు. దారం ఇసుమంతైనా జరగలేదు. "కానీ ప్రతి కుట్టుకీ వెనక్కి వచ్చాడు. నేర్పినట్టే వచ్చాడు. ఇది ఊడదే. నాది ఊడుతుందేమో గానీ ఇది ఊడదు." ఆ మాట అంటూనే స్టూలు మీద కూలబడిపోయాడు. కూతురు ఆయన తలను పొట్టకి ఆనించుకుంది. తండ్రీకూతుళ్లు కలిసి ఏడ్వడం ఆ ఏడాదిలో అదే మొదలు. సార్జంటు టోపీ తీసుకుని గుమ్మం అవతలికి వెళ్లి నిలబడ్డాడు.

వాళ్లు తేరుకున్నాక ఆయనే మెల్లగా అడిగాడు. "ఆ రెండో జోలె ఉందా అమ్మా? పంపకుండా ఉండిపోయిందన్నారే."

"పైన బీరువాలో ఉంది."

"ఇప్పిస్తారా? పైన శిబిరంలో ఇప్పుడు సరైనది ఒక్కటీ లేదు. ఇది చూసి మావాళ్లు రెండు కుట్టుకున్నారు గానీ, బరువంతా భుజాల మీదే పడుతోంది." జేబులోంచి ఒక కవరు తీశాడు. "డాక్టరమ్మ కూడా రాశారు. నలభై కావాలట. వాళ్లని వీళ్లని అడిగి లాభం లేదు, కుట్టినావిడే కుట్టాలి అన్నారు."

అక్క తండ్రి వైపు చూసింది. ఆయన అప్పటికే మూలనున్న మందగుడ్డ చుట్ట దగ్గరికి నడిచి, దాని మీది దుమ్ము చేత్తో కొడుతున్నాడు.

"ఇది పనికిరాదు. ఏడాదిగా చెమ్మ పట్టింది. కొత్తది తెప్పించు," అన్నాడు.

నలభై కుట్టడానికి నాలుగు నెలలు పట్టింది. కుట్టుపని వచ్చిన ఇద్దరు ఆడవాళ్లను పెట్టుకున్నారు. తండ్రి అందరి కుట్లూ లాగి లాగి చూసి, వాళ్ల ప్రాణం తీశాడు. నలభై వెళ్లిపోయాక డాక్టరమ్మ మళ్లీ రాసింది: జోలెలు అందాయి, కానీ కట్టుకోవడం ఎవరికీ సరిగా రావడం లేదు, మీరొకసారి వచ్చి చూపించగలరా?

అక్క పుట్టి బుద్ధెరిగాక ఆ ఊరు దాటింది లేదు, ఆ ఒక్క హాలుకి తప్ప. రైలెక్కింది, తర్వాత లారీ ఎక్కింది. కొండ కింద శిక్షణ మైదానంలో ముప్పైమంది కుర్ర సైనికులు వరసగా నిలబడి ఉన్నారు. జుట్టు నెరిసిన, కళ్లద్దాలు పెట్టుకున్న ఈవిడ తమకేం నేర్పుతుందని ఒకళ్లనొకళ్లు చూసుకుని నవ్వుకున్నారు.

"మీలో అందరికన్నా బరువైనవాడు ఎవరు?" అంది అక్క.

అందరూ కలిసి వంటవాణ్ణి ముందుకు తోశారు. అక్క జోలె నడుముకి బిగించుకుని, వాణ్ణి కూర్చోమంది, పట్టీలు లాగింది. ఒక మోకాలు మీద లేచి, ఊపిరి బిగబట్టి, నిలబడింది. వరసలో నవ్వు ఆగిపోయింది. వంటవాడు గాల్లో కాళ్లు ఆడిస్తూ "అమ్మా, దించెయ్యండమ్మా, పాపం తగులుతుంది" అని వేడుకున్నాడు. ఆవిడ ఇరవై అడుగులు వేసి, తిరిగొచ్చి, దించింది.

"చూశారా? బరువు భుజాల మీద పెట్టుకున్నారో, పావుగంటకే దించేద్దామనిపిస్తుంది. నడుం మీద పెట్టుకుంటే ఎంతదూరమైనా పోవచ్చు. ఇద్దరిద్దరుగా విడిపోండి. ఒరేయ్ పొడుగోడా, ఆ పట్టీ అలా కాదు, ఇటు రా."

మధ్యాహ్నానికి ముప్పైమందీ ఒకళ్లనొకళ్లు మోసుకుంటూ వాలు ఎక్కడం మొదలుపెట్టారు. కింద నిలబడి, ఎవరి బకిలు ఎక్కడ జారుతోందో అక్క ఒక్కొక్కరినీ చూసింది. సాయంత్రం ఆఫీసు గదిలోంచి ఇంటికి ఫోను చేసింది.

"నాన్నా, బకిళ్లు మార్చాలి. చలికి చేతులకి తొడుగులు వేసుకుంటారు కదా, ఈ చిన్న బకిలు పెట్టలేకపోతున్నారు. వెడల్పువి కావాలి."

"నేను ముందే చెప్పలేదూ?" అన్నాడు తండ్రి అవతల్నుంచి, మిషను చప్పుడు మీద గొంతు పెంచి.

"ఎప్పుడు చెప్పావు?"

"ఇప్పుడు చెబుతున్నాగా. ఎన్ని?"

"ఎనభై. జోలెకి రెండేసి," అంది అక్క. కిటికీలోంచి చూస్తే, మైదానంలో ఆ పొడుగోడు ఇంకా వంటవాణ్ణి మోస్తూ వాలు ఎక్కుతున్నాడు.